లెక్క వచ్చు, మార్కు రాలేదు

"పన్నెండు మార్కులు ఎలా పోయాయిరా?"

"సిల్లీ మిస్టేక్స్ నాన్నా. లెక్కలన్నీ వచ్చినవే."

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో, పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు సాయంత్రం ఈ మాటలు వినపడుతూనే ఉంటాయి. గమనించి చూడండి, ఆ జవాబులో బాధ కంటే ఊరట ఎక్కువ. తెలియక పోయిన మార్కులైతే సిగ్గుపడాలి గానీ, తెలిసి పోయిన వాటికి ఏముంది అన్నట్టుంటుంది. నాన్నకూ అదే ఊరట. "ఈసారి జాగ్రత్తగా రాయి" అని టీవీ రిమోట్ అందుకుంటాడు. వచ్చే పరీక్షలో ఇంచుమించు అవే మార్కులు, ఇంచుమించు అవే చోట్ల మళ్లీ పోతాయి.

పోక ఏం చేస్తాయి? "జాగ్రత్తగా రాయి" అన్న మాటలో చేయాల్సిన పనేదీ లేదు. మూడు గంటలపాటు ప్రతి గుర్తు మీదా, ప్రతి అంకె మీదా ఒకే తీరుగా మనసు నిలపడం మనుషులెవరి వల్లా కాదు. మనసు క్షణం పక్కకు పోయినా చెయ్యి తప్పకుండా కాపాడే రాత అలవాట్లు కొన్ని ఉన్నాయి. తప్పు పడిపోయాక దాన్ని పట్టిచ్చే పరీక్షలూ కొన్ని ఉన్నాయి. రెండూ సాధన చేస్తే వచ్చేవే.

మైనస్ గుర్తుతో మొదలుపెడదాం. నా దృష్టిలో మార్కులు తినడంలో దాన్ని మించింది లేదు. రెండు ఎక్స్ స్క్వేర్ మైనస్ ఐదు ఎక్స్ మైనస్ మూడు సున్నాకు సమానం. సూత్రం వాడి మూలాలు కనుక్కోవాలి. బి స్క్వేర్ మైనస్ నాలుగు ఎసి కట్టేటప్పుడు తొందరపడే విద్యార్థి గుర్తుల సంగతి మనసులోనే తేల్చేసి 25 − 24 = 1 అని రాస్తాడు. అక్కణ్నుంచి లెక్క నల్లేరు మీద నడకే. 1కి వర్గమూలం 1. మూలాలు (5 + 1)/4, (5 − 1)/4. అంటే 3/2, 1. ఎంత ముచ్చటైన జవాబులో చూడండి! ఎక్కడా అడ్డం పడదు, అనుమానం రాదు. నిజానికి ఆ విలువ 25 + 24 = 49. మూలాలు 3, −1/2.

దీన్ని ఆపడానికి చెయ్యికి ఒక పని అప్పజెప్పాలి. సూత్రం రాయగానే ఎ = 2, బి = −5, సి = −3 అని గుర్తులతో సహా ఒక వరుస రాయండి. తర్వాత ప్రతి విలువనూ బ్రాకెట్‌లో పెట్టి ప్రతిక్షేపించండి: (−5)² − 4(2)(−3). బ్రాకెట్‌లో కూర్చున్న మైనస్ జారిపోవడం కష్టం. ఈ వరుసకు పట్టేది కొన్ని సెకన్లే. పైగా బోర్డు పరీక్షల్లో సూత్రానికి, ప్రతిక్షేపణకు విడిగా స్టెప్ మార్కులు వేయడం వాడుక. కాబట్టి తర్వాత గుణకారం తప్పినా అక్కడిదాకా సంపాదించింది మీకు దక్కుతుంది. మనసులో చేసిన సర్దుబాటుకు మార్కు వేయాలన్నా దిద్దేవారికి కనపడేదేమీ ఉండదు.

ఇక పట్టుకునే పరీక్ష. మూలాల మొత్తం మైనస్ బి బై ఎ, లబ్ధం సి బై ఎ అని బహుపదుల పాఠంలోనే చదువుకున్నారు. చాలామంది మొత్తం ఒక్కటే చూసి తృప్తిపడతారు. ఇక్కడ మొత్తం 5/2 రావాలి. తప్పుడు మూలాలు 3/2, 1 కూడితే? అదీ 5/2నే! మొత్తం సూత్రంలో సికి చోటు లేదు కాబట్టి, సి దగ్గర జరిగిన పొరపాటు దానికి తెలిసే దారే లేదు. లబ్ధం చూడండి. −3/2 రావాల్సిన చోట 3/2 వచ్చింది. దొంగ దొరికాడు. అందుకే సరిచూసేటప్పుడు చేతికందిన పరీక్ష ఏదో ఒకటి పెట్టేసి ఊరుకోకూడదు. ఆ లెక్కలో ఎక్కడ జారే వీలుందో ఆలోచించి, ఆ జారుడును పట్టగల పరీక్షే పెట్టాలి. మూలాలను సమీకరణంలో వేసి చూడటం అన్నిటికంటే గట్టిది, కాకపోతే కాస్త సమయం తీసుకుంటుంది.

రాసిందాన్ని మళ్లీ చదువుకోవడం చాలామంది చేసే పని. అది దాదాపు వృథా. మనం ఏం రాయాలనుకున్నామో కంటికి అదే కనపడుతుంది. జార్జ్ పోల్యా 1945లో రాసిన 'హౌ టు సాల్వ్ ఇట్' పుస్తకం గణితం మాస్టార్లలో చాలామందికి తెలుసు. సమస్య సాధనను ఆయన నాలుగు దశలు చేశాడు: అర్థం చేసుకోవడం, పథకం వేసుకోవడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడటం. ఆ నాలుగో దశలో జవాబును మరో దారిలో రాబట్టే వీలుందా అని చూసుకోమంటాడు. కిటుకంతా ఆ మరో దారిలోనే ఉంది. కూడికను పైనుంచి కిందికి చేసి ఉంటే కింది నుంచి పైకి కూడండి. భాగహారాన్ని గుణకారంతో చూడండి. కారణాంకాలుగా విడగొట్టిందాన్ని మళ్లీ గుణించి చూడండి.

పెద్ద గుణకారాలకు తొమ్మిదుల పరీక్ష ఉండనే ఉంది. 37 × 48 = 1776 అనుకోండి. 37లో అంకెలు కూడితే 10, మళ్లీ కూడితే 1. 48కి 12, అంటే 3. ఈ రెంటి లబ్ధం 3. జవాబు 1776లో అంకెలు కూడితే 21, అంటే 3. సరిపోయింది. అయితే దీన్నీ గుడ్డిగా నమ్మొద్దు. హడావుడిలో 1767 అని రాసినా అంకెల మొత్తం మారదు, ఈ పరీక్ష పాస్ చేసేస్తుంది. అంకెలు తారుమారయ్యే అలవాటున్నవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లు చివరి అంకె చూసుకోవాలి. 7 × 8 = 56 కాబట్టి జవాబు చివర 6 ఉండి తీరాలి.

ఇప్పుడు బావి లెక్క. క్షేత్రమితిలో ఇది చేయనివారుండరు. 7 మీటర్ల వ్యాసంతో 20 మీటర్ల లోతు బావి తవ్వారు. ఆ మట్టిని 22 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పున్న అరుగుగా పరిచారు. అరుగు ఎత్తెంత? వ్యాసమని ఇచ్చిన 7ను వ్యాసార్థంగా వాడేసినవారికి మట్టి ఘనపరిమాణం 3080 ఘనపు మీటర్లు వస్తుంది. అరుగు వైశాల్యం 308తో భాగిస్తే సరిగ్గా 10. శేషం లేదు, దశాంశం లేదు. సంతోషంగా 10 మీటర్లని గీత గీసేస్తారు. ఒక్కసారి ఊహించుకుంటే చాలు: పది మీటర్ల ఎత్తు అరుగంటే మూడంతస్తుల మేడంత! అసలు జవాబు 2.5 మీటర్లు.

అరుగు ఎక్కగలమా లేదా అన్న ప్రశ్న లెక్కల పుస్తకంలో లేకపోయినా మీరు వేసుకోవాల్సిందే. మనిషి నడక వేగం గంటకు 40 కిలోమీటర్లు వస్తే, తండ్రి కంటే కొడుకు పెద్దవాడైతే, సంభావ్యత 1 దాటితే, కర్ణం కంటే భుజం పొడవైతే అక్కడే ఆగాలి. దీనికి సూత్రాలేమీ అక్కర్లేదు. తరగతిలో వెనకబడ్డాడని పేరుపడ్డ పిల్లవాడు కూడా ఈ పని చక్కగా చేయగలడు. ఫస్టు ర్యాంకువాళ్లే వేగం మోజులో దీన్ని వదిలేస్తుంటారు.

వ్యాసం దగ్గర పడే తప్పుకు కూడా రాతలోనే మందుంది. ప్రశ్నలో "వ్యాసం" అన్న మాట కనపడగానే లెక్క మొదలెట్టకుండా జవాబు మొదటి వరుసలో "వ్యాసం 7 మీ, వ్యాసార్థం 7/2 మీ" అని రాసుకోండి. రెండో వరుసలో "కావలసింది: ఎత్తు, మీటర్లలో". సెంటీమీటర్లు, మీటర్లు కలగలిపి ఇచ్చిన ప్రశ్నల్లో ఈ వరుసలోనే అన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చేయాలి. లెక్క మధ్యలో మారుద్దామనుకుంటే మర్చిపోతారు.

అదే లెక్కలో ఇంకో సంగతుంది. వచ్చిన ప్రతి రెండు సంఖ్యలనూ అక్కడికక్కడే గుణించుకుంటూ పోకండి. అన్నిటినీ ఒకే భిన్నంగా పేర్చండి: లవంలో 22 × 7 × 7 × 20, హారంలో 7 × 2 × 2 × 22 × 14. ఇప్పుడు 22 కొట్టేయొచ్చు, ఒక 7 కొట్టేయొచ్చు. మిగిలేది (7 × 20)/(4 × 14), అంటే 140/56, అంటే 2.5. చేయని గుణకారంలో తప్పు పడదు. πకి విలువ వేయడం కూడా చివరిదాకా వాయిదా వేస్తే చాలాసార్లు రెండు పక్కలా కొట్టుకుపోతుంది. 1/3ను 0.33 చేసుకోవడం కూడా ఇలాంటి తొందరే. దాన్ని మూడుతో గుణిస్తే 1 రావాల్సింది 0.99 వస్తుంది. భిన్నాన్ని భిన్నంగానే మోసుకెళ్లండి.

జవాబు వచ్చాక అది పూర్తయిందో లేదో తేల్చుకోవడం ఇంకో విద్య. రెండు పాచికలు వేస్తే మొత్తం 7 వచ్చే సంభావ్యత 6/36 అని వదిలేస్తారు. 1/6 అని రాయడానికి ఒక్క క్షణం. దిద్దేవారిలో కొందరు చూసీ చూడనట్టు పోతారు, కొందరు అర మార్కు కోస్తారు. ఆ నిర్ణయం వాళ్ల చేతికి ఎందుకివ్వాలి? భిన్నం కనిష్ఠ రూపంలో ఉండాలి. √12 ఉంటే 2√3 కావాలి. 30/√3 ఉంటే హారాన్ని అకరణీయం చేసి 10√3 అనాలి. సజాతి పదాలు విడివిడిగా మిగలకూడదు. ప్రమాణం రాయాలి. √3 = 1.732 తీసుకోమని ప్రశ్నలో ఉంటే 17.32 దాకా వెళ్లాలి. లేకపోతే 10√3 దగ్గరే ఆగాలి. దశాంశంలోకి మార్చితే కచ్చితమైన విలువ పోయి ఉజ్జాయింపు మిగులుతుంది.

అంతకంటే ముఖ్యం, అడిగింది చెప్పాలి. ఎక్స్ = 7 వచ్చింది సరే, ఎక్స్ కొడుకు వయసని మీరే అనుకున్నారు. అడిగిందేమో తండ్రి వయసు. రైలు వేగం లెక్కలో 40, −45 అని రెండు మూలాలొస్తే "వేగం ఋణాత్మకం కాదు కాబట్టి −45 తీసుకోం" అని ఒక ముక్క రాసి, "రైలు వేగం గంటకు 40 కి.మీ." అని వాక్యంగా ముగించాలి. జవాబును వాక్యంగా రాసే అలవాటుంటే అడిగిందొకటి, చెప్పిందొకటి అయ్యే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. వాక్యం రాయాలంటే ప్రశ్న మళ్లీ చూడక తప్పదు మరి.

సూక్ష్మీకరణలో అసలు ప్రమాదం ఆపలేకపోవడంలో ఉంది. లవంలో ఎక్స్ ప్లస్ 3, హారంలో ఎక్స్ మైనస్ 2 మిగిలాయి. లెక్క అయిపోయింది. కానీ చెయ్యి ఊరుకోదు. పైన ఎక్స్, కింద ఎక్స్ కనపడగానే రెంటినీ కొట్టేసి −3/2 అని రాసేస్తుంది. కొట్టివేత గుణకారంలో ఉన్నవాటికే గానీ కూడికలో ఉన్నవాటికి చెల్లదు. నియమం అందరికీ తెలుసు, చెయ్యికే తెలియదు. ఎక్స్ స్థానంలో 1 వేసి చూడండి: (1 + 3)/(1 − 2) = −4. అది −3/2 ఎలా అవుతుంది? ఏ సూక్ష్మీకరణకైనా ఇది చవకైన పరీక్ష. మొదటి వరుసలోనూ చివరి వరుసలోనూ ఒకే చిన్న సంఖ్య వేసి చూస్తే రెండూ ఒకే విలువ ఇవ్వాలి. 0 వేయొద్దు, చాలా పదాల్ని అది మాయం చేసేస్తుంది. 1 కూడా ఒక్కోసారి ఘాతాల తప్పుల్ని దాస్తుంది. అనుమానముంటే 2 గానీ 3 గానీ వేయండి, హారం సున్నా కాకుండా మాత్రం చూసుకోండి.

సగం కొట్టివేత దీనికి తమ్ముడు. (4 + 2√3)/2 దగ్గర 4ను 2తో భాగించి, 2√3ను అలాగే ఉంచి 2 + 2√3 అంటారు. రెండు పదాలనూ భాగించాలి, 2 + √3. ఇక్కడ పైన 2ను ఉమ్మడిగా బయటికి తీసి 2(2 + √3)/2 అని ఒక వరుస రాసి, ఆ తర్వాతే కొట్టేయండి. కొట్టివేతకు ముందు కారణాంకాల వరుస తప్పనిసరి అన్న నియమం పెట్టుకుంటే ఈ రెండు తప్పులూ పోతాయి. ఇక 2 + √3ను 2√3గా కలిపేసేవారు, √(9 + 16)ను 3 + 4 = 7 అనేవారు ఉన్నారు. 25కి వర్గమూలం 5 అని వాళ్లకు తెలియక కాదు, ఆ రూపంలో చూసినప్పుడు గుర్తు రాదు.

సాంఖ్యకశాస్త్రంలో ఎక్కువ చెప్పడానికి లేదు, మూడు హద్దులు గుర్తుంచుకుంటే చాలు. అంకమధ్యమం దత్తాంశంలోని కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య ఉండాలి. బాహుళకం బాహుళక తరగతిలో, మధ్యగతం మధ్యగత తరగతిలో పడాలి. మధ్యగతం సూత్రంలో ముందు తరగతి సంచిత పౌనఃపున్యం బదులు అదే తరగతిది వాడితే బ్రాకెట్‌లో సున్నా గానీ ఋణసంఖ్య గానీ వస్తుంది. జవాబు తరగతి దిగువ హద్దు దాటి పైకి రాదు. అది చూడగానే ఏం జరిగిందో మీకే అర్థమవుతుంది.

చేతిరాత సంగతి. అందమైన అక్షరాలు అక్కర్లేదు, అంకెలు ఒకదానికొకటి పోలకుండా ఉంటే చాలు. 1కీ 7కీ, 0కీ 6కీ, గుణకారం గుర్తుకీ ఎక్స్‌కీ తేడా మీకే తెలియకపోతే దిద్దేవారికెలా తెలుస్తుంది? వర్గమూలం గీత ఎక్కడిదాకా వెళ్లాలో అక్కడిదాకా లాగండి. దాన్ని పొట్టిగా గీస్తే రెండో వరుసలో మీరే లోపలి పదాన్ని బయటికి తెచ్చేస్తారు. వరుసకొక స్టెప్, సమానం గుర్తు కింద సమానం గుర్తు. 3 మీద 8 దిద్దకండి. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన కొత్తగా రాయండి. రఫ్ వర్క్ పేజీ కుడివైపు గీత గీసి ఆ లెక్క పక్కనే చేసుకుంటే మంచిది. బుక్‌లెట్ చివరి పేజీలో చేసి మోసుకొచ్చేటప్పుడే 54 కాస్తా 45 అవుతుంది. ఒక లెక్క తప్పయిందని తెలిసినా, కొత్తది పూర్తయ్యేదాకా పాతదాన్ని కొట్టేయొద్దు. మధ్యలో గంట కొడితే చేతిలో ఏదీ మిగలదు.

ఇవన్నీ ఒకేసారి పాటించాలంటే ఎవరికైనా తల తిరుగుతుంది. అన్నీ మీకు అవసరం కూడా లేదు. ఒక పలచటి నోట్‌బుక్ తీసుకోండి. ఈ ఏడాది దిద్ది ఇచ్చిన పేపర్లన్నీ, ఫార్మేటివ్, సమ్మేటివ్, ప్రీఫైనల్ ఏదైనా సరే, ముందేసుకుని "సిల్లీ" అని వదిలేసిన ప్రతి తప్పు దగ్గరా ఆగండి. లెక్కంతా ఎత్తి రాయక్కర్లేదు. తప్పిన వరుస, దాని కింద సరైన వరుస, పక్కన దానికో పేరు. "మైనస్ ముందు బ్రాకెట్", "సగం కొట్టివేత", "వ్యాసం", "ప్రశ్నలోంచి తప్పుగా ఎత్తడం", "అడిగింది వేరు". కొన్ని పేజీలు నిండేసరికి రెండు మూడు పేర్లే మళ్లీ మళ్లీ వస్తుండటం కనపడుతుంది. అవే మీవి. పక్కింటి అమ్మాయివి వేరు. పరీక్ష రోజు ఉదయం సూత్రాల చిట్టాతో పాటు ఆ పేర్లూ ఒకసారి చదువుకుని వెళ్లండి. ఒక పేరు మరీ ఎక్కువసార్లు కనపడుతుంటే అది పొరపాటు అయి ఉండదు, ఆ పాఠంలో ఏదో అర్థం కాలేదు. సిగ్గుపడకుండా మాస్టారిని అడగాల్సిన చోటది.

అమ్మానాన్నలకు ఒక్కమాట. "ఎన్నొచ్చాయి" అని అడిగాక "ఎక్కడ పోయాయి, ఆ వరుస చూపించు" అనండి. లెక్క మీకు తెలియకపోయినా ఫర్వాలేదు, మీకు అర్థమయ్యేలా చెప్పడంలోనే సగం పని అయిపోతుంది.

పరీక్ష హాల్లో సమయం. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి గణితం పేపరు 100 మార్కులకు, మూడుంపావు గంటలు. అందులో పావుగంట ప్రశ్నపత్రం చదువుకోవడానికే. తెలంగాణలో రాత పరీక్ష 80 మార్కులకు, మూడు గంటలు. ఆ చదివే పావుగంటలో లెక్కలు మనసులో చేసేయాలని చూడకండి. ఛాయిస్‌లో ఏది వదలాలో, "వర్గం పూర్తి చేసి సాధించండి" లాంటి షరతు ఎక్కడుందో, π విలువ ఎంత తీసుకోమన్నారో చూసుకోండి. సూత్రంతో చేస్తే సరైన మూలాలే వస్తాయి, కానీ అడిగిన పద్ధతి అది కానప్పుడు మార్కులు చిక్కవు. సరిచూడటాన్ని మొత్తంగా చివరికి నెట్టకండి. చివర్లో అలసట, గ్రాఫుకు దారం కట్టే హడావుడి. మూలాలు రాగానే లబ్ధం, సూక్ష్మీకరణ కాగానే ఒక సంఖ్య వేసి చూడటం అప్పటికప్పుడే కానిచ్చేయాలి. చివరి పది నిమిషాల్లో ప్రశ్న సంఖ్యలు, వదిలేసిన ప్రమాణాలు, ప్రశ్నపత్రంలోని అంకెలు మొదటి వరుసలో సరిగా ఎక్కాయా అన్నది మాత్రం చూడండి.

ఎంట్రన్స్ పరీక్షల్లో పద్ధతి మారుతుంది. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితానివి. తప్పుకు కోత లేదు. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. రెండింటిలోనూ స్టెప్ మార్కులు లేవు, కాబట్టి మైనస్ ఒక్కటి జారితే లెక్కంతా పోయినట్టే. ఇక్కడ మీ జవాబు ఆప్షన్లలో కనపడిందని మురిసిపోవద్దు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు మీరెక్కడ జారతారో తెలుసు. మన వర్గ సమీకరణమే ఇస్తే 3/2, 1 ఒక ఆప్షన్‌గా కూర్చుని ఉంటాయి.

దీనికి తలకిందుల ఇబ్బందీ ఉంది. జవాబు సరైనదే, ఆప్షన్లలో కనపడదు. మీకు 1/(2 + √3) వచ్చింది, అక్కడ 2 − √3 ఉంది. రెండూ ఒకటే. ఇది గమనించక లెక్క మొదటినుంచీ తిరగేస్తే మూడు నిమిషాలు పోతాయి. అందుకే రూపం మార్చి చూసుకోవడం ముందు, మళ్లీ చేయడం తర్వాత. సమాకలనంలో ఇది మరీ ఎక్కువ. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను సమాకలనం చేస్తే ఒకరికి సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2 వస్తుంది, ఇంకొకరికి మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై 2, మరొకరికి మైనస్ కాస్ 2 ఎక్స్ బై 4. మూడూ సరైనవే, స్థిరాంకంలోనే తేడా. అలాంటప్పుడు మీ జవాబును పక్కన పెట్టి ఆప్షన్లను ఒక్కొక్కటే అవకలనం చేసి చూడండి. ఏది ప్రశ్నలోని ప్రమేయాన్ని తిరిగి ఇస్తే దాన్ని నొక్కి, తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.